నాము పాఠం

"ముడి పట్టుకోరా, ముడి! తాడు ఎవురైనా పట్టుకుంటారు. ముడి పట్టుకుంటేనే మందలో ఉన్నట్టు" అంటూ తిమ్మక్క మారప్ప మనవడు గిరిగాడి వేళ్ళు విప్పి, మూడో ముడి మీద పెట్టి, మళ్ళీ మూసింది. వాడు ముక్కు ఎగబీల్చాడు. ఆమె కొంగుతో వాడి ముక్కు తుడిచి, అదే కొంగు రెండో చెరుగుతో తన మెడ మీది చెమట తుడుచుకుని, నాలుకను అంగిట్లో కొట్టి 'ట్ట, ట్ట' మన్నది. ముడికొకరుగా పట్టుకున్న పిల్లలతో తాడు కదిలింది.

గొర్రెలను తోలే శబ్దం అది. పిల్లలకు ఆ సంగతి తెలియదు. బడికి పోవాలంటే అందరూ అట్లాగే పిలుస్తారనుకుంటారు.

ఎర్రబండపల్లి అంగన్‌వాడీలో తిమ్మక్క ఆయా. టీచరు అనసూయమ్మ ధర్మవరంలో ప్యాసింజరు ఎక్కి, పెనుకొండలో దిగి, ఆటో నిండేదాకా కూర్చుని, ఊరు చేరేసరికి పదకొండు దాటుతుంది. అంతవరకు బడి తిమ్మక్కదే. ప్రభుత్వం లెక్కలో ఆమె పని ఊడ్చడం, నూక ఉప్మా వండడం, పిల్లలను ఇంటింటికీ పోయి పిలుచుకురావడం. పాఠం చెప్పడం ఆ పనుల్లో లేదు. లేని ఆ పనినే ఆమె పదమూడేళ్ళుగా ఒక్క రోజు తప్పకుండా చేస్తున్నది.

యాభై దాటిన మనిషి. ఎండిన కాళ్ళు, పగుళ్ళలో మట్టి దిగిపోయిన మడమలు, గొర్రెల వెనక నడిచిన ఆడవాళ్ళకు వచ్చే పొడుగు అంగ. ముక్కుకు పుడక తీసేసిన చోట చిన్న రంధ్రం పూడకుండా అట్లాగే ఉంది. నవ్వితే పిల్లల కోసమే నవ్వుతుంది, పెద్దవాళ్ళ ముందు నవ్వు ఖర్చు పెట్టదు.

నారాయణప్ప ఇంటి ముందుకు వచ్చినప్పుడు ఆమె అడుగు పెంచదు, తగ్గించదు. నీలం సున్నం వేసిన మిద్దె అది. ఈ పదమూడేళ్ళలో ఆ గడప దాటి ఒక్క పిల్ల కూడా తిమ్మక్క తాడు పట్టలేదు. ఆయన పెద్ద మనవళ్ళు ఇద్దరినీ మూడేళ్ళకే పెనుకొండ కాన్వెంటు వ్యాను ఎక్కించారు. పాపం, వాళ్ళు వాంతులు చేసుకుంటూ పోయి, నిద్రపోతూ వచ్చేవాళ్ళు. ఊళ్ళోనే బడి పెట్టుకుని ఆ తంటా ఎందుకని ఊళ్ళో ఎవరూ అడగలేదు, ఎందుకో అందరికీ తెలుసు గనక.

ఆ రోజు మాత్రం ఆ గడపలోంచి "తిమ్మక్కా, నిలబడు" అని పిలుపు వచ్చింది.

నారాయణప్ప కోడలు రామలక్ష్మమ్మ. చంకలో చిన్నకూతురు రాధ, మూడున్నరేళ్ళది, తలకు నూనె పెట్టి, రెండు పిలకలకు ఎర్ర రిబ్బను కట్టి ఉంది.

"పాపను పిల్చుకపో. ఈ పొద్దు నుంచి వస్తాది."

తిమ్మక్క ఆ పిల్లను చూసింది. వసారాలో నులక మంచం మీద పడుకుని ఉన్న నారాయణప్పను చూసింది. "మీ మామకు తెల్సునా?" అన్నది.

"తెల్సు."

తిమ్మక్కకు పదిహేనేళ్ళుగా ఎదురుచూసిన పండగ వాకిట్లోకి వచ్చినట్టయింది. తన చేతికి దగ్గరగా ఉన్న మొదటి ముడి మీద ఆ పిల్ల వేళ్ళు పెట్టి, గట్టిగా మూసి, "వదలద్దు తల్లీ" అన్నది. ఎంతో ప్రేమగా అన్నది. ఆ ప్రేమ ఎట్లాంటిదో రామలక్ష్మమ్మకు తెలియకుండా ఉండదు. అయినా ఆమె లోపలికి పోలేదు, తాడు సందు తిరిగేదాకా చూస్తూ నిలబడింది.

బడి గోడల మీద ఆపిల్, ఏనుగు, ఓడ బొమ్మల పటాలు వేలాడుతున్నాయి. తిమ్మక్కకు వాటితో పని లేదు. ఎర్రబండపల్లి పిల్లలు ఏనుగును తొక్కరు, ఓడ కింద పడరు. వాళ్ళకు ఎదురయ్యేవి వేరే. వాటినే ఆమె చూపిస్తుంది. కంచె వెంబడి, చేనిగట్టు వెంబడి తాడును నడిపిస్తూ ఒక్కొక్క చెట్టు దగ్గర ఆపుతుంది.

"ఇదేంది?"

"జిల్లేడు!"

"పాలు?"

"కంట్లో పడగూడదు!"

"ఆకు మీద ఎవురున్నారు?"

"చారల పురుగు! అది సీతాకోక అయితాది!"

నాలుగడుగుల తర్వాత మళ్ళీ ఆగింది. "ఇదో, ఈ కాయలోని పప్పు శెనక్కాయ పప్పు మాదిరే ఉంటాది. తినొచ్చునా?"

"అడవాముదం! తింటే వాంతులు, బేదులు!"

నిరుడు గట్ల మీద నాటుకొమ్మని ఆఫీసువాళ్ళు అడవి ఆముదం మొక్కలు పంచినప్పుడు, పక్క ఊళ్ళో ఎనిమిది మంది పిల్లలు ఆ కాయలు తిని హిందూపురం ఆసుపత్రిలో పడ్డారు. ఎర్రబండపల్లిలో ఒక్కరికీ ఏమీ కాలేదు. అది తిమ్మక్క పుణ్యమేనని అనసూయమ్మ సైతం ఒప్పుకుంటుంది, కాకపోతే మీటింగులో చెప్పదు.

దారిలో నల్లటి పెంటికలు కనబడితే తిమ్మక్క వంగి రెండు ఏరి అరచేతిలో పెట్టుకుంది. "ఎవురు ఏరిగినారు?" పిల్లలు పడీపడీ నవ్వారు. మేకది అని ఇద్దరు, గొర్రెది అని నలుగురు. గిరిగాడు మాత్రం దగ్గరికొచ్చి చూసి, "కుందేలు. గుండ్రంగా, ఎండుగా ఉండాది" అన్నాడు. వాడు చురుకు. రాధ చెయ్యి చాచింది. తిమ్మక్క ఒక పెంటిక ఆ అరచేతిలో పెట్టింది. పిల్ల దాన్ని వాసన చూసి, "గడ్డి వాసన" అన్నది ఆశ్చర్యంగా.

మొదటి రోజే ఆ మాట చెప్పిన పిల్లలు తక్కువ. ఇంకొకరి పిల్ల అయి ఉంటే తిమ్మక్క ముద్దు పెట్టుకునేది.

బడి వెనక, పగిలిపోయిన నీళ్ళ తొట్టి పక్కన, ముండ్లకంప చుట్టిన బారెడు నేల ఉంది. ఏటా ఆమె అందులో గుప్పెడు జొన్నలు చల్లుతుంది. మోకాలెత్తు పెరగగానే కోసేస్తుంది. తర్వాత చుక్క నీళ్ళు పోయదు. ఒక వాన పడితే ఆ మోళ్ళ మీద పిలకలు వస్తాయి. మళ్ళీ ఎండ పట్టుకుంటే వాడి, అంచులు చుట్టుకుపోతాయి. పిల్లలను ముట్టుకోనివ్వదు. కంప బయటే నిలబెడుతుంది. ఈ పాఠం దగ్గర ఆమె గొంతు మారుతుంది.

"చూసేదానికి ఎట్లుండాది?"

"పచ్చగా!"

"తింటే ఎట్లుంటాది?"

"తియ్యగా!"

"తిన్నాక?"

"గొర్లు సస్తాయి!"

"దాని పేరు?"

"నాము!"

"మేపుకో పొమ్మన్నోడు ఎవురు?"

ఒక్కరూ నోరు విప్పలేదు. పదమూడు చేతులు లేచాయి. పదమూడు చూపుడువేళ్ళు ఇళ్ళ మీదుగా, నీలం మిద్దె వైపు నిలిచాయి.

అదీ తిమ్మక్క పాఠం. మొదటి రోజుల్లో పిల్లలు పేరే చెప్పేవాళ్ళు, అదీ గొంతెత్తి. వీధిలో నారాయణప్ప కనబడితే చాలు, గోలీలు ఆడుతున్న పిల్లలు ఆట ఆపి మరీ అనేవాళ్ళు. తొంభైయారులో ఆయన పైకి అర్జీ పెట్టుకున్నాడు. సూపర్‌వైజరు జీపులో వచ్చి, పసిపిల్లల నోట మనిషి పేరు పలికించకూడదని గట్టిగా చెప్పి పోయింది. తిమ్మక్క సరేనన్నది. పేరు పలకవద్దన్నారు గానీ వేలు చూపవద్దనలేదు గదా. పేరు కన్నా వేలే గట్టిదని ఆయనకు ఆ వారంలోనే తెలిసొచ్చింది. అప్పట్నుంచి ఆయన రచ్చకట్ట మీద కూర్చోవడం మానేశాడు. చేనికి దగ్గరి దారి వదిలి, ఊరి వెనకనుంచి చుట్టు తిరిగి పోయేవాడు. ఏటా కొత్త పిల్లలు తాడు పట్టారు, పాతవాళ్ళు పెద్దయ్యారు. ఇప్పుడు బస్టాండులో మీసాలు దువ్వుకునే కుర్రాళ్ళు కూడా ఆయన ఎదురైతే చెయ్యి జేబులో పెట్టుకుని మరీ నవ్వుతారు.

ఆయన చేసింది ఏమిటో చెప్పాలి.

తొంభైయొకటిలో తిమ్మక్క మొగుడు ఈరన్నకు నలభై రెండు గొర్రెలుండేవి. ఎరువు కోసం రైతులు మందను చేలో ఆపించుకుంటారు. ఆ ఏడు ఈరన్న మంద నారాయణప్ప చేలో ఆపుతానని మాటిచ్చి, మధ్యలో మారప్ప అడిగితే ముందు అక్కడ ఆపాడు. అంతే, ఈరన్న చేసిన తప్పు. నారాయణప్ప పైకి ఒక్క మాట అనలేదు. వానలు ఎగ్గొట్టి, గొర్రెలు మేతకు అల్లాడుతున్న రోజుల్లో ఎదురొచ్చి మరీ పిలిచాడు. "నా జొన్న మోళ్ళకు పిలకలొచ్చినాయి. మేపుకో పోప్పా. మా ఎద్దులు పొద్దున్నే మేసినాయి" అన్నాడు.

ఆ చివరి మాటే ముఖ్యం. వాడిన జొన్న పిలకల్లో నాము అనే విషం ఉంటుందని గొర్రెలకాపరికి తెలియకుండా ఉండదు. అందుకే ఆ పల్లెల్లో ఒక ఆనవాయితీ ఉంది. చేను గలవాడు ముందు తన ఎద్దులను మేపి చూస్తాడు. వాటికేమీ కాకపోతే కాపరిని పిలుస్తాడు. 'మా ఎద్దులు మేసినాయి' అన్నాడంటే ఇక అడిగేది లేదు. ఎంత పగ ఉన్నా ఆ మాటలో ఎవడూ అబద్ధం ఆడడు. నారాయణప్ప ఆడాడు. ఎద్దులు ఆ పొద్దు కొట్టం దాటలేదు.

గంట గడిచేసరికి మొదటి గొర్రె వణుకుతూ పడింది. తిమ్మక్క విరుగుడుకని కుండెడు బెల్లం నీళ్ళు మోసుకుని పరిగెత్తింది. ఏ గొర్రె నోట్లో పోయాలో తెలియలేదు. నురగ కక్కుతూ, కాళ్ళు తన్నుకుంటూ, ఒకటి చచ్చేలోపల ఇంకో రెండు పడ్డాయి. పొద్దు వాలేసరికి చేలో నలభై రెండు బొచ్చు కుప్పలు.

పంచాయితీ కూర్చుంది. నారాయణప్ప తాను పిలవనే లేదన్నాడు. ఈరన్నే దొంగతనంగా మేపబోయి చంపుకున్నాడన్నాడు. పెద్దమనిషి మారప్ప. ఆయన మీసం తిప్పి, కాసేపు ఆలోచించినట్టు కూర్చుని, ఈరన్న మేతదొంగ అని తేల్చాడు. ఊరందరి ముందు నారాయణప్ప కాళ్ళకు మొక్కించాడు. ఆ మరుసటి నెలలోనే మారప్ప కూతురు రామలక్ష్మమ్మకు నారాయణప్ప కొడుకుతో పెండ్లి అయింది. మేతదొంగకు మళ్ళీ గొర్రెలను ఎవరు నమ్మి అప్పగిస్తారు? ఈరన్న హిందూపురంలో రైలెక్కి బెంగుళూరు పోయాడు, ఇటుకలు మోశాడు, ఏడాది తిరక్కముందే మూడో అంతస్తు సారువ మీంచి పడ్డాడు. శవాన్ని తెచ్చినప్పుడు కూడా ఊళ్ళో 'మేతదొంగ ఈరన్న పోయినాడంట' అనే అనుకున్నారు.

తిమ్మక్కకు గొర్రెలు అక్కరలేదు, పరిహారం అక్కరలేదు. ఆయన నోటితో, నలుగురూ వింటుండగా, 'నేనే మేపుకోమన్నా' అనే ఒక్క మాట కావాలి. ఈరన్న పేరుకు అంటిన ఆ 'దొంగ' పోవాలి. దానికోసం పదమూడేళ్ళు పిల్లలకు నేర్పింది. తీరా మూడు నెలల కిందట నారాయణప్పకు పక్షవాతం వచ్చింది. హిందూపురంలో పదిరోజులు పెట్టి తీసుకొచ్చారు. కుడిపక్క పడిపోయింది, మాట పోయింది. ఆ వార్త విన్న రోజు తిమ్మక్క ఉప్మా గిన్నెను నేలకేసి కొట్టింది. నోరు లేకుండా చేసుకుని తప్పించుకున్నాడని ఆమె కోపం.

ఇప్పుడు ఆయన మనవరాలు మొదటి ముడి పట్టుకుని నిలబడి ఉంది. చుట్టూ లేచిన వేళ్ళను చూసింది. అవి చూపే వైపు చూసింది. మొహం విప్పారింది. తన వేలు కూడా ఎత్తి, "మా ఇల్లు!" అని ఎగిరింది.

"అవును, మీ ఇల్లే" అన్నది తిమ్మక్క. ఆ క్షణం ఆమెకు నోట్లో బెల్లం ముక్క పెట్టుకున్నట్టుంది. దాచడం దేనికి, ఆమెకు జాలి కలగలేదు.

"గొర్లు సచ్చినప్పుడు ఏడ్చినాయా ఆయమ్మా?"

"ఏడ్చినాయి. నాలికలు బయట పెట్టి ఏడ్చినాయి. పిల్లగొర్రెలు తల్లుల పొదుగు కింద దూరి సచ్చినాయి."

రాధ కింది పెదవి వణికింది. "మా తాతను అడుగుతా" అన్నది.

"అడుగు. అందరికీ ఇనపడేట్టు అడుగు. ఎట్ల అడుగుతావు, నాకు చెప్పి చూపీ." నాలుగుసార్లు చెప్పించుకుంది. పిల్ల నాలుగోసారి తప్పు లేకుండా చెప్పింది.

అనసూయమ్మ వచ్చి, చెప్పులు విడుస్తూనే కొత్త పిల్లను చూసింది. ఎవరి పిల్లో తెలుసుకుని తిమ్మక్కను వంటగది మూలకు పిలిచింది.

"ఆ పసిదాన్నైనా వదిలిపెట్టు తిమ్మక్కా. మంచంలో ఉండే మనిషి మీద ఇంకా ఏం పగ?"

"మా ఆయప్ప మంచంలో గూడా లేడు మేడమ్" అన్నది తిమ్మక్క, పొయ్యిలో పుల్ల ఎగదోస్తూ.

అనసూయమ్మ హాజరుపట్టీ తెరిచి పద్నాలుగో పేరు రాసుకుంది.

మధ్యాహ్నం పిల్లలు తిన్నారు, పడుకున్నారు, లేచారు. రోజూ తిమ్మక్క పడమటి సందు నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కరినీ ఇంటి దగ్గర వదిలి వస్తుంది. ఆ రోజు తాడును నేరుగా నీలం మిద్దె ముందుకు నడిపించింది. పద్నాలుగు మందీ తాడు మీదే ఉన్నారు. అదంతా ఆమె పొద్దున్నే అనుకుని పెట్టుకున్నది.

ఎదురుగా బోరింగు దగ్గర ఆడవాళ్ళు బిందెలతో ఉన్నారు. వసారా గట్టు మీద మారప్ప వక్కాకు నములుతూ వియ్యంకుడికి తోడుగా కూర్చున్నాడు. నారాయణప్ప మంచం మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. ఒకప్పుడు వీధికి సగం ఉండే మనిషి. ఇప్పుడు దుప్పటి కింద ఉన్నాడో లేడో అన్నట్టున్నాడు. నోరు ఒకపక్కకు వంకర తిరిగింది. గడ్డం కింద తువ్వాలు తడిసి ఉంది. కళ్ళు మాత్రం తాడు రావడాన్ని చూస్తున్నాయి.

రాధ ముడి వదిలి మంచం దగ్గరికి పరిగెత్తింది. నడుం మీద రెండు చేతులూ పెట్టుకుని, అచ్చం తిమ్మక్కలా నిలబడింది.

"తాతా! జొన్న పిలకలు తింటే గొర్లు సస్తాయి. దాని పేరు నాము. మేపుకో పొమ్మన్నోడు ఎవురు?"

అలవాటు కొద్దీ పదమూడు వేళ్ళు లేచాయి. ఇప్పుడు మధ్యలో ఇళ్ళు లేవు, ఊరు లేదు. మంచానికి నాలుగడుగుల దూరం. బోరింగు కొడుతున్న చెయ్యి ఆగిపోయింది. రామలక్ష్మమ్మ తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది.

నారాయణప్ప ఆ వేళ్ళను ఒకటొకటే చూశాడు. దుప్పటి పక్కన ఉన్న ఎడమ చెయ్యి కదిలింది. వణుకుతూ లేచింది. గాలిలో దారి తప్పినట్టు కాసేపు ఆడింది. చివరకు చూపుడువేలు ఆయన రొమ్ము మీదే ఆనింది. అట్లాగే ఉండిపోయింది.

"కరెక్టు!" అని రాధ చప్పట్లు కొట్టింది. ఎవరైనా సరిగ్గా జవాబు చెప్తే బడిలో అందరూ కొట్టాలి గనక, పదమూడు మందీ చప్పట్లు కొట్టారు.

తిమ్మక్క గట్టు వైపు తిరిగి, "సూసినావా మారప్పన్నా?" అన్నది.

మారప్ప వక్కాకు ఉమ్మి వచ్చాడు. "ఏంది సూసేది? ఈగ వాలింటే తోలుకున్నాడు."

"ఈగ ల్యాదు నాయనా" అన్నది రామలక్ష్మమ్మ. "నేను సూస్తానే ఉండా."

"నువ్వు లోపలికి పో."

"పోను. మూడు దినాల నుంచి తాడు పోతాంటే పాపను ఆ చేత్తోనే వీధిలోకి నూకుతాండాడు. పంపమనే నూకినాడు. నాకు అర్థమయ్యేసరికి ఈ పొద్దయింది."

మారప్ప కండువా దులిపి భుజాన వేసుకున్నాడు. "రోగం మనిషి. చెయ్యి యాడికో పోతాది. దానికి అర్థాలు తీస్తారా?" అని బోరింగు దగ్గరి ఆడవాళ్ళకు కూడా వినబడేటట్టు అని, గట్టు దిగి వెళ్ళిపోయాడు. ఆడవాళ్ళు బిందెలు ఎత్తుకున్నారు. పెద్దమనిషి ఈగ అన్నాక అది ఈగే.

తిమ్మక్క మంచం మీదికి వంగింది. ఆయన కంటి కొనలోంచి నీరు కారుతోంది. జబ్బు వల్లనో, మరి దేనివల్లనో ఆమె తెలుసుకోదలచలేదు. "నీ చెయ్యి లేసేదానికి పదైదేండ్లు పట్టెనే" అని మాత్రం అన్నది. పిల్లలను తోలుకుని వెళ్ళిపోయింది.

తర్వాత బడిలో ఒంటరిగా గిన్నె తోముతూ ఆమె ఉడికిపోయింది. అడిగింది దొరికింది, అయినా చేతికి రాలేదు. నలభై రెండు గొర్రెలకూ ఒక మొగుడికీ కలిపి ఆ మనిషి ఒక వేలు ఇచ్చాడు. ఆ వేలును కూడా మారప్ప ఈగ చేసి ఎగరగొట్టాడు. ఊరు రేపు కూడా మేతదొంగ అనే అంటుంది. బూడిద పిడికిటితో అడుగంటిన చోట రుద్దుతూ, పళ్ళు నూరుతూ ఉండగా కిటికీలోంచి ఎవరో ఆడమనిషి, "నారాయణప్ప పోయినాడంట తిమ్మక్కా. ఇప్పుడే, నీళ్ళు తాపుతాంటే" అని చెప్పి వెళ్ళిపోయింది.

తిమ్మక్క గిన్నె తోమడం ముగించింది. కడిగి బోర్లించింది. చేతులు తుడుచుకుని, పదిహేనేళ్ళ తర్వాత ఆ ఇంటి గడప ఎక్కింది.

ఇంకా వెలుగు ఉంది. శవాన్ని నడవాలో దక్షిణం తలగా పడుకోబెట్టారు. ఆడవాళ్ళు ఏడుస్తున్నారు. ఊరు సగం అక్కడే ఉంది. మారప్ప గోడకు ఆనుకుని కూర్చుని, పక్కవాళ్ళకు చెబుతున్నాడు. "దేవుని మాదిరి మనిషప్పా. ఒకరికి చెడుపు చేసినోడు కాడు." ఆయన ఒళ్ళో గిరిగాడు కూర్చుని కండువా అంచు నములుతున్నాడు.

తిమ్మక్క ఆయనకు ఎదురుగా పోయి కూర్చుంది. ఏడుపులు కాస్త తగ్గేదాకా ఆగింది.

"మారప్పన్నా, పిల్లోల్లకు నేను మేక చెప్పినా, గొర్రె చెప్పినా, కుందేలు, తేలు, పాము అన్నీ చెప్పినా. ఈగ మర్చిపోయినా."

గోడకు ఆనుకున్న మారప్ప నిటారుగా కూర్చున్నాడు.

"రేపు పొద్దున ఈగ పాఠం చెప్తా. దానికి ఎన్ని కాళ్ళు, యాడ వాలతాది, వాలకుండానే వాలిందని చెప్పినోడు ఎవురు, అన్నీ. గిరిగాడు మూడో ముడి. వానికి పాఠాలు బిరీన వస్తాయి."

ఆమె గొంతు పెంచలేదు. రోజూ పిల్లలతో మాట్లాడే గొంతుతోనే అన్నది. తన పేరు వినబడి గిరిగాడు తల ఎత్తి, ఆయమ్మను చూసి నవ్వాడు. మారప్ప ఆ పిల్లవాడి చేతిని చూశాడు. పసివేలు ఒక మనిషిని ఏం చేస్తుందో ఈ ఊళ్ళో ఆయన కన్నా దగ్గరగా చూసినవాడు లేడు. వియ్యంకుడు రచ్చకట్ట మానుకోవడం చూశాడు, ఊరి వెనక దారిన తల వంచుకుని పోవడం చూశాడు. చూపించింది ఊరి పిల్లలు. తనకు చూపించబోయేది తన ఒళ్ళోవాడు.

ఆయన గిరిగాడి వేళ్ళను తన పిడికిట్లో మూశాడు.

"ఈరన్న దొంగ గాదు" అన్నాడు, నేలను చూస్తూ.

"గట్టిగా అన్నా. వెనక వాళ్ళకు ఇనపల్ల."

"ఈరన్న దొంగ గాదు!" ఏడుపులు పూర్తిగా ఆగిపోయాయి. "నారాయణప్పే మేపుకోమన్నాడు. ఆ పొద్దు ఈయప్ప ఎద్దులు కొట్టంలోనే ఉండినాయి. నేను నా కండ్లతో సూసినా. పెండ్లి చెడిపోతాదని… పంచాయితీలో అబద్ధం చెప్పినా."

శవం తల దగ్గర కూర్చున్న రామలక్ష్మమ్మ తండ్రి వైపు ఒక్కసారి చూసి, మొహం గోడ వైపు తిప్పుకుంది.

అందరూ విన్నారు. తిమ్మక్క ఒక్కొక్క మొహం మీదా కళ్ళు ఆనించి, విన్నారని రూఢి చేసుకుంది. ఆమె కడుపు చల్లబడింది. ఈరన్న శవం లారీలోంచి దించిన రోజు నుంచి లోపల మండుతున్నదేదో ఆరిపోయింది. చనిపోయిన మనిషి ఇంట్లో ఇంత సంతోషం పనికిరాదని తెలుసు. అయినా సంతోషపడింది. నిండుగా, సిగ్గు లేకుండా పడింది.

లేచి కొంగు బొడ్లో దోపుకుంది. "రేపు ఈగ వద్దులే. చీమల గురించి చెప్తా" అని మారప్పతో అని, గిరిగాడి తల నిమిరి, బయటికి నడిచింది.

వసారాలో రాధ ఒక్కతే కూర్చుని ఉంది. "ఆయమ్మా, తాత మళ్ళా ఎప్పుడు లేస్తాడు?" అని అడిగింది. తిమ్మక్కకు పొద్దున ఆ పసిదాని పెదవి వణకడం గుర్తొచ్చింది. "రేపు వచ్చి పిల్చుకపోతాలే" అన్నది.

మెట్టు దిగుతూ ఆగింది. శవాన్ని దించిన మంచాన్ని ఎవరో తెచ్చి, వీధి గోడకు నిలువుగా ఆనించి పెట్టారు. మనిషి పడుకున్న చోట నులక ఇంకా లోపలికి కుంగే ఉంది. తాడు పోయే వీధి వైపు, ఆ ఎడమ చెయ్యి ఉండే చోట మాత్రం నాలుగు పేటలు గోటితో గీకి గీకి పీచులు లేచి, ఒకటి పూర్తిగా తెగి, కిందికి వేలాడుతోంది.